కాంగోలో రాగికి బదులు రోడ్లు: అక్కడ పనిచేసినవాళ్లు చెప్పండి

కొత్త_అకౌంటెంట్:
కొల్వేజీలో చైనా గనులకు విడిభాగాలు అమ్మే కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. రాగి ఇచ్చి రోడ్లు వేయించుకునే ఒప్పందం అంటున్నారు, అదేంటో ఎవరైనా చెప్తారా? ఫ్రెంచ్ రాదు, అదొక టెన్షన్.

లుబుంబాషి_అన్న:
తమ్ముడూ, మిర్చి రైతు కమీషన్ వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకుని పంట అతనికే తోలినట్టు అనుకో. 2008లో చైనా కంపెనీలతో కలిసి సికోమిన్ అనే గని కంపెనీ పెట్టారు, 68 శాతం వాళ్లది, 32 కాంగోది. గని లాభాల్లోంచే గని అప్పూ, రోడ్లు, ఆసుపత్రుల అప్పూ తీరాలి. ఆ పనులకు మొదట 600 కోట్ల డాలర్లు అన్నారు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) అభ్యంతరంతో 300 కోట్లయింది.

కిన్షాసా_ఫార్మా:
అన్నా, అందులో ఖర్చు పెట్టిందెంతో కూడా చెప్పండి. ప్రభుత్వ తనిఖీ సంస్థే 2023లో లెక్క తీస్తే 82.2 కోట్లు తేలింది, పదిహేనేళ్లకి! కిన్షాసాలో పెద్ద ఆసుపత్రి కట్టారు, కాదనను, నేను మందులు సప్లై చేసిన ఊళ్లకి మాత్రం వానాకాలంలో లారీ బురదలో దిగబడి రెండేసి రోజులు ఆగిపోయేది, రాగి లారీలు వెళ్లే దేశంలో మందుల లారీ వెళ్లకపోవడం చూస్తే కడుపు మండేది.

లుబుంబాషి_అన్న:
నిజమే. 2024 మార్చిలో ఆ పనుల మొత్తాన్ని 700 కోట్లకు పెంచారు, కానీ రాగి టన్ను 8,000 డాలర్ల పైన ఉంటేనే ఏటా 32.4 కోట్లు వస్తాయి. వాటా 68, 32 అలాగే ఉంది, నాకు బాధ అక్కడే. బుసాంగాలో 240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టినా ఎక్కువ కరెంటు గనికే, మా ఇంట్లో జనరేటరే దిక్కు.

నియామే_నుంచి:
నైజర్‌లోనూ ఇదే పద్ధతి అండీ. 2024లో చైనా ప్రభుత్వ చమురు కంపెనీ సీఎన్‌పీసీ 40 కోట్ల డాలర్లు ముందే ఇచ్చింది, చమురుతో తీర్చాలి. బెనిన్ తీరం దాకా దాదాపు 2,000 కిలోమీటర్ల పైపులైన్ కూడా వాళ్లే వేశారు. 2025 మార్చిలో మాత్రం చమురు కంపెనీల చైనా అధికారులను ముగ్గురిని నైజర్ ప్రభుత్వం పంపించేసింది, స్థానికులకూ బయటివాళ్లకూ జీతాల్లో తేడా మీద గొడవ.

కొత్త_అకౌంటెంట్:
థాంక్స్ అన్నా. మరి ఉద్యోగం సంగతి?

లుబుంబాషి_అన్న:
రా, కానీ బకాయిల మీద కన్నేసి ఉంచు. నా బిల్లు ఒక సబ్ కాంట్రాక్టర్ ఏడు నెలలు ఆపాడు. ఆర్డర్ కాగితం ఫ్రెంచ్‌లో, సంతకంతో ఉంటేనే సరుకు పంపించు. ఫ్రెంచ్ కంటే ముందు నాలుగు స్వాహిలీ ముక్కలు నేర్చుకో, గోదాములో అదే పనికొస్తుంది.