రిపేరు తర్వాత క్యాటలిస్ట్ మానిటర్ ఒక్కటే రెడీ కావట్లేదు, ఎలా నడపాలి?

మాది నల్లగొండ, బీఎస్6 పెట్రోల్ కారు. పీ0420 కోడ్ (పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ సరిగా పనిచేయట్లేదనే హెచ్చరిక) వస్తే సైలెన్సర్ లీకేజీకి వెల్డింగ్ చేయించి, వెనక ఆక్సిజన్ సెన్సర్ మార్పించాను. మెకానిక్ స్కానర్‌తో కోడ్ క్లియర్ చేసేసరికి మానిటర్లన్నీ (కారు కంప్యూటర్ నడుస్తుండగా తనే చేసుకునే పరీక్షలు) మొదటికొచ్చాయి. మిగతావి కంప్లీట్ అయ్యాయి, క్యాటలిస్ట్ మాత్రం ఇన్‌కంప్లీటే. చెక్ ఇంజన్ లైట్ వెలగట్లేదు, నిజమే. కానీ పరీక్షే నడవకపోతే రిపేరు కుదిరిందని ఎలా నమ్మాలి? పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఈ మానిటర్లు చూడరాయె.

ఆ పరీక్ష పూర్తవుతుందేమోనని పొద్దున్నే చల్ల ఇంజన్‌తో బయల్దేరి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబర్ హైవే ఎక్కుతున్నా. లారీల మధ్య ఒకే స్పీడు నిలవట్లేదు. మిర్యాలగూడ వైపు అద్దంకి రోడ్డు నయమా? ఎంత స్పీడు, ఎంతసేపు పట్టాలి? మధ్యలో బ్రేక్ తొక్కకుండా, గేర్‌లోనే యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గించాలా? ఏసీ ఆపాలంటారా (మన ఎండల్లో!)? చేసినవాళ్లు చెప్పండన్నా.