ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు ఆగట్లేదు, కూలింగ్ ప్యాడ్ కొనమంటారా?

లెక్కల టీచర్, ఖమ్మం:
నమస్కారమండీ. ఇంట్లోంచే టెన్త్ పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లు దాటింది. ఈ ఎండాకాలం మొదలైనప్పట్నుంచీ ఫ్యాన్ ఒకటే హోరు. క్లాసు మొదలైన కాసేపటికే అందుకుంటుంది, ఇక ఆగదు. మొన్న త్రికోణమితి చెప్తుంటే ఒకడు "మేడమ్, మీ ఇంట్లో మిక్సీ ఆపమనండి" అన్నాడు. దగ్గర్లో షాపులో చూపిస్తే బయటి జాలీలోంచి బ్లోయర్ కొట్టి ఇచ్చారు. కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ మామూలే. మా ఆయన కొత్తది కొనేద్దాం అంటారు, నాకేమో దీన్ని వదలబుద్ధి కావట్లేదు.

నైట్‌షిఫ్ట్ బాబాయ్:
కూలింగ్ ప్యాడ్ అంటే ఇంకో రెండు ఫ్యాన్ల మోతే కదా మేడమ్. ఇంటెల్ ప్రాసెసరైతే పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించండి. ఆ ఒక్క శాతంతో టర్బో బూస్ట్, అంటే ప్రాసెసర్ అవసరమైనప్పుడు తనంతట తానే స్పీడు పెంచుకోవడం, ఆగిపోతుంది. క్లాసులకి ఆ స్పీడు చాలు.

పార్క్‌లేన్ రిపేర్లు:
99 మంచి చిట్కానే, కానీ ముందు రోగమేంటో తెలియాలి. మేడమ్, అన్నీ మూసేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, చాలాసేపు 5 శాతం లోపే ఉండి కూడా ఫ్యాన్ హోరెత్తిందంటే వేడి బయటికి పోవట్లేదని. 40, 50 చూపిస్తే ఏదో ప్రోగ్రామ్ తినేస్తోందని. రెండిటికీ మందు వేరు.

బయటి నుంచి గాలి కొడితే ఎందుకు నిలవదో చెప్తా. దుమ్ము జాలీలో ఉండదు. ఫ్యాన్ గాలి వదిలే చోట సన్నటి రేకులు వరసగా ఉంటాయి, వాటికి లోపలి వైపు పేరుకుంటుంది. ఫ్యాన్ మూత విప్పితే పరుపు దూది, వెంట్రుకలు, అగరుబత్తి మసి కలిసి కంబళి ముక్కలా ఒకటే పొర. ట్వీజర్‌తో పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర కాస్త వెనక్కి జరుగుతుంది, ఫ్యాన్ తిరగ్గానే మళ్లీ వచ్చి అక్కడే అతుక్కుంటుంది. ఇంకోటి, గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరక్కుండా పుల్ల అడ్డం పెట్టాలి. లేకపోతే అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పోతుంది. చాలామంది పెట్టరు.

విప్పినప్పుడే చిప్పుకీ రాగి పలకకీ మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్టు కూడా మార్పించండి. నాలుగేళ్లకి ఎండి పెళుసుబారి ఉంటుంది. మీ ఎదురుగానే విప్పమనండి, మొహమాటపడకండి.

లెక్కల టీచర్, ఖమ్మం:
చూశానండీ. అన్నీ మూస్తే 3, 4 శాతమే, అయినా హోరు ఉంది. క్లాసు పెడితే మాత్రం 60 దాటుతోంది! వెనకాల బీరువా కనబడకుండా బ్లర్ పెడతాను, దానివల్లేనా?

నైట్‌షిఫ్ట్ బాబాయ్:
అదే మేడమ్! బ్లర్ అంటే వీడియో నడుస్తున్నంతసేపూ మీరెక్కడ, బీరువా ఎక్కడ అని లెక్కేస్తూనే ఉండాలి. బీరువాకి ఓ దుప్పటి కప్పండి, చవక.

పార్క్‌లేన్ రిపేర్లు:
అంటే మీకు రెండూ ఉన్నాయి. పరుపు మీద పెట్టి వాడుతుంటే అదీ మానండి, గాలి పీల్చేది అడుగు నుంచే.

లెక్కల టీచర్, ఖమ్మం:
ఈసారి వేరే షాపులో పక్కనే కూర్చుని విప్పించాను. మీరన్న కంబళి అచ్చం అలాగే వచ్చింది, మా అమ్మాయి ఫోటో కూడా తీసింది. పేస్టూ మార్చారు. బ్లర్ తీసేశాను. హోరు పోయింది, మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు కాస్త వినిపిస్తుందంతే. కానీ ఆన్ చేయగానే కాసేపు గరగరమని సన్నగా ఒక శబ్దం.

పార్క్‌లేన్ రిపేర్లు:
మధ్యాహ్నం హోరు మామూలేనండీ, గది గాలే వేడి, అంతకన్నా చల్లగా ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది. గరగర మాత్రం బేరింగ్ అరుగుడు. నూనె చుక్క వేస్తామంటే ఒప్పుకోకండి, కొన్నాళ్లే పనిచేస్తుంది, పైగా దుమ్ము అంటుకుంటుంది. ఫ్యాన్ మీద అంటించిన స్టిక్కర్‌లో పార్ట్ నంబరు ఉంటుంది, మీ అమ్మాయి తీసిన ఫోటోలో కనబడుతుందేమో చూసి పెట్టండి. అదే నంబరుది తెప్పించి మార్పిస్తే సరి.