చిటికెడు ఉప్పును తెలుగులో ఏమందాం?

బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న మిత్రులొకరు నిన్న ఇక్కడ ఒక ప్రశ్న వేశారు. ట్రాఫిక్ రద్దీకి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలికి పది నిమిషాలే పడుతుందని బ్రోకరు చెప్పగా, పక్కనున్న సహోద్యోగి 'టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్' అన్నారట. దానిని 'చిటికెడు ఉప్పుతో తీసుకోండి' అని రాయవచ్చునా అన్నది వారి సందేహం.

రాయకూడదని నా అభిప్రాయం. విన్న మాటను కొంత తగ్గించి లెక్క వేసుకొమ్మని చెప్పడమే ఆ ఇంగ్లీషు పలుకుబడికి అర్థం. చెప్పినవారిని అబద్ధాలకోరు అనకుండానే ఆ పని జరుగుతుంది. అందుకే దానిని వార్తకో, తేదీకో, అంకెకో వాడతారు గానీ మనిషికి వాడరు. అమెరికాలో చిటికెడుకు బదులు ఉప్పుకల్లు అంటారు.

ఈ ఉప్పుకల్లు క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ గ్రంథంలో కనిపిస్తుంది. మిత్రిడేటిస్ రాజును ఓడించిన రోమన్ సేనాని పాంపేకి ఆ రాజు దాచుకున్న విషం విరుగుడు దొరికిందని, రెండు ఎండు అక్రోట్లు, రెండు అంజూరాలు, 20 సదాపాకులు కలిపి నూరి, ఒక ఉప్పుకల్లు చేర్చి పరగడుపున తింటే ఆ రోజంతా ఏ విషమూ పారదని ఆయన రాశాడు. అక్కడ ఉప్పంటే ఉప్పే. అనుమానమనే అర్థం ఇంగ్లీషులో 17వ శతాబ్దం నాటికి కనిపిస్తుంది.

మన ఉప్పు దారి వేరు. 'ఉప్పు తిన్న ఇల్లు' అంటే విశ్వాసం, 'ఉప్పూ కారం తినడం లేదా' అంటే రోషం. ఇక్కడి కన్నడిగులు 'ఉప్పు తిందవను నీరు కుడియలేబేకు' అన్నప్పుడు చేసిన తప్పుకు ఫలితం అనుభవించక తప్పదని భావం. వీటిలో ఎక్కడా అనుమానం లేదు కనుక, మక్కికి మక్కి అనువాదం చదివినవారికి వంటిల్లే గుర్తుకు వస్తుంది.

'రూపాయికి పావలా వంతు నమ్మండి' అనవచ్చు గానీ, అందులో ముప్పావలా అబద్ధమన్న నింద ఉంది. అసలు ఆ చిటికెడు ఉప్పు మన వ్యాకరణంలోనే ఉన్నది, 'అట' అనే మాటలో. 'పది నిమిషాలేనట' అన్నప్పుడు ఆ మాటకు పూచీ నాది కాదని చెప్పకనే చెప్పినట్టు అవుతుంది. అయితే నోటితో సాగదీసి అన్నప్పుడు వినిపించే అనుమానం కాగితం మీద నిలవదు, చదివేవారికి అది ఉత్త సమాచారంగానే తోచవచ్చు. కాబట్టి రాతలో నేనైతే ఇంకొక్క మాట చేరుస్తాను: 'సిల్క్ బోర్డుకు పది నిమిషాలేనట, చూద్దాం.'