అప్‌డేట్: లినక్స్ ఫోన్‌లో మొబైల్ డేటా పనిచేస్తోంది

మోబియన్ (ఫోన్ల కోసం చేసిన డెబియన్ లినక్స్) వేసిన నా ఫోన్‌లో ఇంట్లో వైఫై బాగానే ఉంటుంది, బయటికి వెళ్తే 4జీ గుర్తు కనిపిస్తుంది గానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోదు అని అడిగాను కదా. దొరికింది.

చాలామంది ఏపీఎన్ (మొబైల్ డేటాకి సిమ్ కంపెనీ ఇచ్చే సెట్టింగ్) చూడమన్నారు. చూశాను, సరిగ్గానే ఉంది. ఎంఎంసీఎల్‌ఐ అనే కమాండ్‌లో మోడెమ్ (మొబైల్ నెట్‌వర్క్‌కి కలిపే భాగం) స్థితి 'కనెక్టెడ్' అనే చూపించింది, ఐపీ అడ్రస్ కూడా వచ్చింది. అసలు క్లూ ఇచ్చింది "వైఫై ఆపి 1.1.1.1కి పింగ్ కొట్టి చూడండి" అన్నవారు. 1.1.1.1 ఇంటర్నెట్‌లోని ఒక సర్వర్ నంబరు అడ్రస్, పింగ్ అంటే అక్కడి నుంచి జవాబు వస్తుందా అని పలకరించి చూడడం. కొడితే జవాబు చక్కగా వచ్చింది! నంబరు బదులు ఒక సైట్ పేరుతో కొడితే ఉలుకూ పలుకూ లేదు. అంటే డేటా నడుస్తోంది, డీఎన్ఎస్ (సైట్ పేరుని నంబరు అడ్రస్‌గా మార్చే సేవ) దగ్గరే ఆగిపోతోంది.

డీఎన్ఎస్ కోసం ఏ సర్వర్‌ని అడగాలో రాసి ఉండే ఫైలు, ఈటీసీ ఫోల్డర్‌లోని రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే అందులో ఒకటే లైను: నేమ్‌సర్వర్ 192.168.1.1. అది మా ఇంటి రూటర్. బయట రోడ్డు మీద అది ఎక్కడ దొరుకుతుంది? ఆ ఫైలు నిజానికి వేరే ప్రోగ్రామ్ వదిలేసిన పాత ఫైలుకి దారి చూపే లింక్ (సిమ్‌లింక్). అలాంటి లింక్ కనిపిస్తే కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ దాని జోలికి వెళ్లదు, అందుకే కొత్త డీఎన్ఎస్ రాయలేదు. లింక్ తీసేసి నెట్‌వర్క్ మేనేజర్‌ని రీస్టార్ట్ చేశాను, ఫైలు తనే రాసుకుంది. పేజీలు టకటకా తెరుచుకున్నాయి.

స్లీప్ నుంచి లేచాక మోడెమ్ ఇంకా కాస్త నసుగుతోంది. దాని సంగతి విడిగా అడుగుతాను. పింగ్ సలహా ఇచ్చినవారికి చాలా థ్యాంక్స్ అండీ.