తక్కువ షాట్లు కొట్టిన మా అమ్మాయి మ్యాచ్ ఎలా ఓడిపోయింది?

మారతహళ్ళి అమ్మ:
గోల్ఫ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా అమ్మాయికి పదమూడేళ్లు, బెంగళూరులోనే నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ మొత్తం షాట్లు లెక్కపెట్టే పోటీలే ఆడింది. ఆదివారం మొదటిసారి మ్యాచ్ ప్లే ఆడింది. నేను పక్కనే నడుస్తూ ప్రతి హోల్‌కీ ఇద్దరి షాట్లూ రాసుకున్నాను. కూడితే మా అమ్మాయిదే ఒక షాట్ తక్కువ. అయినా "3 అండ్ 2" తేడాతో ఓడిపోయిందన్నారు! పైగా 16వ హోల్‌లో ఇద్దరూ నాలుగేసి కొట్టగానే షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని వెనక్కి వచ్చేశారు. మిగతా రెండు హోల్స్ ఎందుకు ఆడలేదు? మధ్యలో ఒకసారి మా అమ్మాయి బంతి హోల్‌కి అడుగు దూరంలో ఉండగా అవతలి అమ్మాయి "దట్స్ గుడ్" అంటే, ఇది బంతి తీసేసుకుంది. అలా తీయొచ్చా? పిల్ల రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. దానికి అర్థమయ్యేలా చెప్పాలని అడుగుతున్నాను.

దొమ్మలూరు గోల్ఫర్:
అమ్మా, మీ లెక్కా తప్పు కాదు, వాళ్ల ఫలితమూ తప్పు కాదు. మ్యాచ్ ప్లేలో మొత్తం షాట్లతో పనే లేదు. ఒక్కో హోల్ ఒక్కో చిన్న ఆట. బ్యాడ్మింటన్‌లో ఒక గేమ్ అయిపోతే దాని పాయింట్లు అక్కడికి ముగిసినట్టే, హోల్ కూడా అంతే. ఒక్క షాట్ తేడాతో గెలిచినా, ఐదు షాట్ల తేడాతో గెలిచినా వచ్చేది ఒక్క హోలే. మీ కాగితం మళ్లీ చూడండి. ఎక్కడో ఆ అమ్మాయి చాలా షాట్లు పోగొట్టుకున్న హోల్ ఒకటి ఉంటుంది.

మారతహళ్ళి అమ్మ:
ఉందండి! ఐదో హోల్‌లో ఆ అమ్మాయి బంతి నీళ్లలో పడింది. తనకి 9, మా అమ్మాయికి 4. ఇంకో హోల్ ఒక షాట్‌తో మాది. ఐదు హోల్స్ ఒక్కో షాట్‌తో వాళ్లవి. మిగిలిన తొమ్మిదీ సమానం.

దొమ్మలూరు గోల్ఫర్:
అదే సంగతి. రెండు హోల్స్‌లో మీకు ఆరు షాట్లు కలిసొచ్చాయి, ఐదు హోల్స్‌లో ఐదు పోయాయి. హోల్స్ లెక్కలో మాత్రం 5–2, అంటే ఆ అమ్మాయి "3 అప్". సమానమైనవాటిని హాఫ్ అంటారు, వాటివల్ల ఎవరి ఆధిక్యమూ మారదు. 15 హోల్స్ అయ్యేసరికి ఆమె 3 అప్, మిగిలినవీ మూడే. దాన్ని డార్మీ అంటారు. అక్కడినుంచి మీ అమ్మాయి మూడూ గెలిస్తేనే సమమయ్యేది. 16 హాఫ్ అయింది కాబట్టి మూడు ఆధిక్యం, రెండే మిగిలాయి. "3 అండ్ 2" అంటే అదే. ఇక ఆడినా ఫలితం మారదు, అందుకే ఆపేశారు.

నిజానికి ఐదో హోల్‌లో ఆ అమ్మాయి ఓటమి ఒప్పుకుని బంతి తీసేసుకున్నా నష్టం ఉండేది కాదు. ఈ పద్ధతిలో చాలామంది అలాగే చేస్తారు. "దట్స్ గుడ్" కూడా అలాంటిదే: ఆ పట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే చిన్న షాట్) పడిపోయినట్టే అని ఎదుటివాళ్లు ఒప్పుకున్నారన్నమాట. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు, మనమూ వద్దనకూడదు.

జేపీ నగర్ చందు:
హ్యాండిక్యాప్‌తో (ఆటగాళ్ల స్థాయిని బట్టి ఇచ్చే అదనపు షాట్ల లెక్క) ఆడితే ఇంకో మెలిక ఉంది. ఇద్దరి తేడా 7 అయితే, కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని బట్టి ఇచ్చే వరుస సంఖ్య) 1 నుంచి 7 వరకున్న హోల్స్‌లో ఎక్కువ హ్యాండిక్యాప్ ఉన్నవాళ్లకి ఒక్కో షాట్ తగ్గించి చూస్తారు.

ఎదుటివాళ్లు ప్రతి చిన్న పట్‌నీ "దట్స్ గుడ్" అని ఇచ్చేయాలని మాత్రం లేదు. 2015 ప్రెసిడెంట్స్ కప్‌లో (అమెరికా జట్టుకీ, యూరప్ కాని మిగతా దేశాల జట్టుకీ జరిగే పోటీ), కొరియాలో, మన బెంగళూరు అనిర్బన్ లాహిరి ఆఖరి రోజు అమెరికా ఆటగాడు క్రిస్ కిర్క్‌తో 18వ హోల్ దాకా సమంగా వచ్చాడు. కిర్క్ దాదాపు 15 అడుగుల పట్ వేసేశాడు. లాహిరికి నాలుగడుగులే. కిర్క్ దాన్ని "గుడ్" అని ఇచ్చేయలేదు, లాహిరి వేస్తే అది పడలేదు. పడి ఉంటే మ్యాచ్ సమమై దక్కే అర పాయింట్ పోయింది, కప్ అమెరికా 15.5–14.5తో గెలిచింది. అంత గట్టిగా పోరాడినవాడికి అలా జరగడం నాకు ఇప్పటికీ బాధే. మీ పాపకి ఈ మ్యాచ్ చూపించండి.

మారతహళ్ళి అమ్మ:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. కార్డు ముందు పెట్టి చెప్పాను, "అయితే నేను బాగానే ఆడానా?" అంది. ఇంకొక్కటి: ఎదుటివాళ్లు ఏమీ అనకపోతే?

దొమ్మలూరు గోల్ఫర్:
బాగా ఆడింది, ఆ మాట గట్టిగా చెప్పండి. ఏమీ అనకపోతే పట్ వేయాల్సిందే. పట్ ఇచ్చేశారో లేదో అనుమానం ఉంటే ముందు అడగమనండి, అడగడంలో తప్పేమీ లేదు. మార్కర్ (బంతి ఉన్నచోట గుర్తుగా పెట్టే బిళ్ల) పెట్టకుండా బంతి తీసేస్తే ఒక షాట్ పెనాల్టీ. నిజంగానే మాట తప్పుగా వినిపించి తీసి ఉంటే మాత్రం పెనాల్టీ లేదు, బంతి ఉన్నచోటే తిరిగి పెట్టి ఆడాలి.