మారిషస్‌లో మా ముత్తాతగారి అన్న ఆచూకీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

కాజీపేట గార్డు:
నమస్కారం. గూడ్స్ రైలు గార్డుగా పనిచేసి విరమించాను. నాన్నగారు రైల్వే ఉద్యోగంతో కాజీపేట వచ్చారు కానీ మా మూలం బొబ్బిలి దగ్గర ఒక పల్లె. ముత్తాతగారి అన్న అప్పన్న చెరకు తోటల పనికి ఓడెక్కి మారిషస్ వెళ్ళి మళ్ళీ రాలేదని నాయనమ్మ చెప్పేది. మా ఆవిడకు అక్కడి పాంపిల్‌మూస్ బొటానికల్ తోట చూడాలని, నాకు అప్పన్న వారసులను చూడాలని ఉంది. ఇంటిపేరు చెప్పి వాకబు చేస్తే దొరుకుతారా?

హనుమకొండ చరిత్ర మాస్టారు:
గార్డు గారూ, ఇంటిపేరుతో పని జరగదు. అక్కడ చాలా కుటుంబాల్లో ఓడ దిగినవాడి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరైంది, అదీ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా. అసలు ఆధారం నంబరు. వచ్చిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చి తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా, ఓడ పేరు రిజిస్టరులో ఎక్కించేవారు. అవి మారిషస్‌లోనే మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. టికెట్లు కొనకముందే వారికి రాయండి. సింహాచలం స్వామి పేరు కాబట్టి అప్పన్నలు కోకొల్లలు; తండ్రి పేరు లేకపోతే వారేం చేస్తారు? జిల్లా విజయనగరం అని మాత్రం రాయకండి, అది 1979లో ఏర్పడింది. అప్పట్లో బొబ్బిలి విశాఖపట్నం జిల్లాలోనిదే.

రాజధాని పోర్ట్ లూయీలో, కూలీలు దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్ తప్పక చూడండి. కూలీలు ఎక్కి వచ్చిన రాతి మెట్లు అక్కడే ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వరంగల్ మొక్కల పిచ్చి:
మాస్టారూ, వదినగారి తోట సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదే! పాంపిల్‌మూస్‌లో అంచులు పైకి లేచి పళ్ళేల్లా తేలే పెద్ద కలువాకులు ఉంటాయి. శ్రీతాళం చెట్లనూ చూడమనండి. దశాబ్దాల పాటు పెరిగి, ఒకే ఒక్కసారి పూసి, కాయలు రాల్చి చచ్చిపోతాయి. గార్డు గారూ, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ఆ రోజు రిజిస్టర్లు చూపేవారుండరు కానీ గుళ్ళలో తెలుగువాళ్ళు కలుస్తారు. ఇళ్ళలో ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష మాట్లాడతారు, తెలుగులో బదులు రాకపోతే చిన్నబుచ్చుకోకండి.

కాజీపేట గార్డు:
మాస్టారూ, తండ్రి పేరు దొరికింది! తర్పణంలో మూడు తరాలు చెప్పాలి కదా, నాన్నగారు తద్దినాల పుస్తకంలో తన ముత్తాత దాకా రాసుకున్నారు. ఆయనే అప్పన్న తండ్రి. పల్లె పేరు బొబ్బిలిలో ఉన్న మా చిన్నాన్న కొడుకును అడుగుతున్నాను. ఉగాది ప్రయాణానికి మా ఆవిడ ఇప్పుడే సరేనంది.