హైదరాబాద్ యాంప్లిఫయర్ డాలస్‌లో పాడుతుందా?

కొత్తగా వస్తున్నవాడిని: వచ్చే నెల హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నాం. నాన్నగారి పాత స్టీరియో యాంప్లిఫయర్, రికార్డ్ ప్లేయర్, రెండు స్పీకర్లు తెచ్చుకోవాలని ఉంది. యాంప్ వెనక 230 వోల్ట్స్, 50 హెర్ట్జ్, 180 వాట్స్ అని రాసుంది. అక్కడ 120 అంటున్నారు. ఏం చేయాలి?

ఎడిసన్ అక్క: ముందు ఒక్క మాట తమ్ముడూ, మిక్సీ మాత్రం తేవద్దు. మా 750 వాట్ల మిక్సీని 300 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించి ఇడ్లీ పిండి రుబ్బాను. సగం పిండి మెదిగేలోపు ట్రాన్స్‌ఫార్మర్ పొగలు కక్కింది. 110 వోల్ట్ల మిక్సీలు ఇక్కడి మన షాపుల్లోనే దొరుకుతాయి.

ఆస్టిన్ పాతకాపు: ఆయన అడిగింది మిక్సీ గురించి కాదు అక్కా. స్పీకర్లకు కరెంటు ప్లగ్గు లేకపోతే వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు, ఎక్కడైనా పాడతాయి. యాంప్ వెనక 115/230 అని వోల్టేజి మార్చే సెలెక్టర్ స్విచ్ ఉందేమో చూడండి, ఇక్కడి 120కి 115 వైపు పెట్టాలి. ఉంటే ప్లగ్గు పీకి, స్విచ్ మార్చి, ఫ్యూజు కూడా మార్చాలి. 115లో కరెంటు రెట్టింపు లాగుతుంది కాబట్టి 230కి వేసిన ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎన్ని ఆంప్స్ వేయాలో మామూలుగా ఆ పక్కనే రాసి ఉంటుంది. తిరిగి ఇండియా వెళ్లినప్పుడు స్విచ్ వెనక్కి తిప్పడం మర్చిపోయారో, యాంప్ మీద ఆశ వదులుకోవడమే.

స్విచ్ లేకపోతే ఇక్కడి 120ని 230కి పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. మీ 180 వాట్లకు 500ది తీసుకోండి. హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ మాత్రం యాంప్‌కి పెట్టకండి. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ యాంప్‌కి దానితో ఇబ్బంది లేదు.

అసలు తంటా రికార్డ్ ప్లేయర్‌తోనే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. పాత ఏసీ సింక్రనస్ మోటారైతే, అంటే హెర్ట్జ్‌ని బట్టి వేగం మారేదైతే, 60 హెర్ట్జ్‌లో నిమిషానికి 33 చుట్లు తిరగాల్సింది 40 తిరుగుతుంది. మా ఇంట్లో హరికథ రికార్డు పెడితే దాసుగారు పదేళ్ల పిల్లాడి గొంతుతో రైలు అందుకోవాలన్నట్టు చెప్పుకుపోయారు. బెల్టు రకమైతే 60కి సరిపోయే చిన్న పుల్లీ దొరుకుతుందేమో వెతకండి. డీసీ మోటారైతే అడాప్టరు మారిస్తే చాలు.

డాలస్ సీనియర్: ఇంత రామాయణం ఎందుకు? బట్టల డ్రయర్ ప్లగ్గులో 240 ఉంది. తిన్నగా అందులో పెట్టేయండి.

ఆస్టిన్ పాతకాపు: దయచేసి ఆ పని చేయకండి. డ్రయర్ లైనుకు మామూలుగా 30 ఆంప్స్ బ్రేకర్ ఉంటుంది. యాంప్ సన్న వైరు కాలిపోతున్నా అది పడదు. పైగా ఆ 240 రెండు 120 లైన్ల మధ్యది, రెండు వైర్లలోనూ కరెంటే. యాంప్ ఫ్యూజు ఒక వైరులోనే ఉంటుంది, అది ఎగిరినా రెండో వైరులో కరెంటు ఉంటుంది. హెర్ట్జ్ ఎలాగూ 60యే.

డాలస్ సీనియర్: నేను రెండేళ్లు అలాగే వాడాను, ఏమీ కాలేదు.

ఆస్టిన్ పాతకాపు: హెల్మెట్ లేకుండా బండి నడిపేవాళ్లూ ఇదే మాట అంటారు సార్.

ప్లేనో నుంచి: మరీ పెద్ద ట్రాన్స్‌ఫార్మరూ కొనకండి. నేను ఎందుకైనా మంచిదని 2000 వాట్లది కొన్నాను. లోపలి ఇనుప కోర్ పెద్దది కదా, ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగి, మూడుసార్లలో ఒకసారి బ్రేకర్ పడిపోయేది. మామూలు ప్లగ్గు లైను 15 ఆంప్స్, అంటే మొత్తం 1800 వాట్లే. మా బెడ్రూమ్, హాలు ఒకే లైను. అర్ధరాత్రి చీకట్లో ఫోన్ లైటు వేసుకుని బ్రేకర్ డబ్బా వెతికేవాణ్ణి. విసుగొచ్చి అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేశాను, అదే నా తప్పు. వచ్చినాయన ట్రాన్స్‌ఫార్మర్‌ని బాంబును చూసినట్టు చూసి ఫొటో తీసుకున్నాడు. మర్నాడు తలుపు సందులో కాగితం: అనుమతి లేని పరికరం, తీసేయాలి. ఖాళీ చేసేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఖర్చని డిపాజిట్‌లో కోశారు. ఏ ఎలక్ట్రీషియనూ రాలేదు! బిల్లు చూపించమని మూడు మెయిళ్లు పెడితే సగం వెనక్కి వచ్చింది. దిగిన రోజే ప్రతి ప్లగ్గుకీ ఫొటో తీసి పెట్టుకోండి.

కొత్తగా వస్తున్నవాడిని: అందరికీ థాంక్స్. యాంప్ వెనక స్విచ్ ఉంది, దాని మీద దుమ్ము పట్టి ఇన్నాళ్లూ కనపడలేదు. ప్లేయర్ తిరగేసి చూస్తే ఏసీ మోటారే, 50 హెర్ట్జ్. పుల్లీ కోసం వెతుకుతున్నాను. ఎడిసన్ అక్కా, మిక్సీ షిప్పింగ్‌లో నిన్ననే వెళ్లిపోయింది.